అడ్డపొగ తాగే అలవాటుందా? అయితే ఒకసారి అద్దంలో అంగిలి చూసుకోండి!

చుట్ట వెలిగించి.. నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని తాగడం ఎప్పుడైనా చూశారా? వేరే ప్రాంతాల వాళ్లకు ఇది వింతే. కానీ ఉమ్మడి విశాఖ జిల్లా చోడవరం చుట్టుపక్కల పల్లెల నుంచి అటు విజయనగరం, శ్రీకాకుళం దాకా ఇది తరాల నాటి అలవాటు. దీన్నే అడ్డపొగ అంటారు. మగవాళ్లకన్నా ఆడవాళ్లలోనే ఎక్కువ. అందులోనూ వయసు మళ్లిన మామ్మల్లో మరీ ఎక్కువ.

అసలు ఇలా ఎందుకు తాగుతారంటే.. వరి నాట్లు, చెరకు తోటల్లో పని చేసేటప్పుడు చేతులు ఖాళీగా ఉండవు. గాలికి, వానకి చుట్ట ఆరిపోతుంది. నిప్పు నోట్లో ఉంటే ఆ బాధ లేదు. పైగా ఉమ్ము తడికి చుట్ట నెమ్మదిగా కాలుతుంది, ఎక్కువసేపు వస్తుంది. కూలి డబ్బులతో బతికేవాళ్లకి అదీ ఒక లెక్కే మరి. తల్లిని చూసి కూతురు, అత్తను చూసి కోడలు నేర్చుకున్న అలవాటిది. ఈ ప్రాంతంలో చుట్టకున్న మోజు ఎంతంటే.. ఎస్.రాయవరంలో పుట్టిన గురజాడ ‘కన్యాశుల్కం’లో గిరీశం చేతికి కూడా చుట్టే ఇచ్చారు. కాకపోతే అడ్డపొగతో వచ్చే ముప్పు మామూలు చుట్టకన్నా చాలా ఎక్కువ.

అడ్డపొగ తాగేటప్పుడు నోట్లోని గాలి వేడి 120 డిగ్రీల సెల్సియస్ దాకా వెళ్లొచ్చని పరిశోధనల్లో తేలింది. ఆ సెగంతా నేరుగా తగిలేది అంగిలికే. సెగకి తోడు పొగలోని విషాలు. సాధారణంగా అంగిలి గట్టి భాగానికి క్యాన్సర్ రావడం అరుదు. అడ్డపొగ తాగేవారిలో మాత్రం అక్కడే వస్తుంది.

‘మేం పొగ లోపలికి పీల్చం, నోట్లోంచే వదిలేస్తాం’ అని చుట్ట, సిగార్, పైపు తాగేవాళ్లు ధీమాగా చెబుతుంటారు. ఇది తప్పు. చుట్ట పొగకి క్షార గుణం ఉంటుంది. దాంతో నికోటిన్ నోటి పొర నుంచే రక్తంలోకి చేరిపోతుంది. ఊపిరితిత్తుల దాకా వెళ్లక్కర్లేదు. నోరు, నాలుక, గొంతు, అన్నవాహిక.. అన్నింటికీ ముప్పే. చుట్టను తిప్పి మామూలుగా తాగితే సెగ తగ్గుతుందేమో గానీ విషం తగ్గదు.

మరి ఏం చూసుకోవాలి? పగటి వెలుతురులో తల వెనక్కి వాల్చి, నోరు బాగా తెరిచి, అద్దంలోనో సెల్‌ఫోన్ టార్చ్‌తోనో అంగిలి చూసుకోవాలి. మామ్మలకి కనబడకపోతే ఇంట్లో మనవలే చూడొచ్చు. అంగిలి తెల్లగా మందంగా మారడం, ఆ తెలుపులో చిన్న చిన్న ఎర్ర చుక్కలు, నల్లటి మచ్చలు, రంగు పోయి పాలిపోయిన చోట్లు.. ఇవి పొగ దెబ్బ తగిలిందనడానికి గుర్తులు. ఎర్రగా చెక్కుకుపోయినట్టు ఉన్నా, గడ్డ చేతికి తగిలినా, రెండు వారాలు దాటినా పుండు మానకపోయినా.. ఇక ఆగకూడదు. నొప్పి లేదు కదా అని ఊరుకోవడమే చాలామంది కొంప ముంచుతోంది. మొదట్లో నొప్పి ఉండదు!

ముందు దగ్గర్లోని ప్రభుత్వ ఆసుపత్రిలో దంత వైద్యుడికి చూపించుకోవాలి. అనుమానం ఉంటే చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు. ముక్క తీస్తే క్యాన్సర్ పాకిపోతుందన్నది ఉత్త అపోహ. పెద్ద వైద్యం అవసరమైతే విశాఖలో కేజీహెచ్, అగనంపూడిలో టాటా వారి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉన్నాయి.

‘ఇన్నేళ్లు తాగాం, ఇప్పుడు మానేస్తే ఏం లాభం?’ అనేవాళ్లకి శ్రీకాకుళం పల్లెలే సమాధానం. ముంబై టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ పరిశోధకులు 1960లలోనే అక్కడ ఇల్లిల్లూ తిరిగి నోళ్లు పరీక్షించారు. తర్వాత శ్రీకాకుళంతో పాటు కేరళ, గుజరాత్‌లలో ఒక్కో జిల్లాలో, మొత్తం 36 వేల మంది పొగాకు అలవాటున్న వారికి ఏళ్ల తరబడి నచ్చజెప్పారు. మానేసిన, తగ్గించిన వారిలో క్యాన్సర్‌కి ముందొచ్చే మచ్చలు బాగా తగ్గాయి. 1986లో లాన్సెట్ పత్రికలో ఈ ఫలితాలు వచ్చాయి.

మానడం తేలికేం కాదు. మొదటి వారం చిరాకు, నిద్ర పట్టకపోవడం, తలనొప్పి ఉంటాయి. మూడు నాలుగు వారాలకి అవి సర్దుకుంటాయి. పొద్దున్న టీ తాగగానే, అన్నం తిన్నాక, పొలం గట్టు మీద కూర్చున్నప్పుడు చుట్ట మీదకి మనసు లాగుతుంది. ఆ సమయాల్లో సోంపో, లవంగమో నోట్లో వేసుకోవాలి. వక్క, ఖైనీ జోలికి మాత్రం పోవద్దు, అవీ క్యాన్సర్ కారకాలే. ఇంట్లోవాళ్లు తిట్టడం కన్నా చుట్టలు, పొగాకు కొనితేవడం మానేస్తే చాలా సాయం. పొగాకు మానాలనుకునే వారికి జాతీయ టోల్‌ఫ్రీ నంబర్ 1800-11-2356 ఉంది. ఫోన్ చేయడం రాని పెద్దవాళ్లకి పిల్లలే కలిపి ఇవ్వొచ్చు.