యాత్రకు తగిన కెమెరా

తీర్థయాత్రకు గాని, దేశాటనమునకు గాని బయలుదేరుచు కెమెరా కొనదలచిన మిత్రులు మమ్ము తరచుగా అడుగు ప్రశ్న ఒకటి కలదు: "ఏ కెమెరా శ్రేష్ఠమైనది?" దానికి బదులు చెప్పుటకు ముందు మేము మరియొక ప్రశ్న వేయుచుందుము: "ఉదయము మొదలు సాయంకాలము వరకు ఎంత బరువును మెడలో వేసికొని తిరుగగలరు?" ఇది మొదట పరిహాసముగా తోచును. కాని సమాధానములో సగపాలు ఇందులోనే యున్నది.

ఒకప్పుడు ఈ బరువు మోయక తప్పెడిది కాదు. ఆరవ నిజాము కొలువులో పనిచేసిన రాజా దీనదయాళు (1844–1905) కాలమున పెద్ద కొయ్యపెట్టె వంటి కెమెరాను, ముక్కాలి ఆధారమును, గాజుపలకలను వెంట గొనిపోవలసి యుండెను. జర్మనీలో ఆస్కార్ బార్నాక్ రూపొందించిన లైకా కెమెరా 1925లో ప్రజల యెదుటికి వచ్చినది. చలనచిత్రములకు వాడు ఫిల్ముపైననే 36 మి.మీ. వెడల్పు, 24 మి.మీ. ఎత్తు గల చిత్రమును తీయు ఈ చిన్న యంత్రము చేతిలో ఇమిడినది. నేటి డిజిటల్ కెమెరాలలో ఫిల్ము లేకపోయినను, ఆ కొలతనే ప్రమాణముగా గ్రహించుచున్నారు.

ఇక కటకము మాట. దానిపై వ్రాసియుండు మిల్లీమీటర్ల సంఖ్య నాభ్యంతరమును తెలుపును. ఆ సంఖ్య తగ్గినకొలది విశాలమైన దృశ్యము చిత్రమున పట్టును. హెచ్చినకొలది దూరపు వస్తువు దగ్గరకు వచ్చినట్లు కనబడును. పై కొలతకు 50 మి.మీ. కటకము కంటికి సహజముగా తోచు దృశ్యము నిచ్చును. ఇరుకు వీధిలో నిలిచి గోపురమును తీయుటకు 24 మి.మీ. కావలెను. 85 మొదలు 105 వరకు గలవి మనుష్యుల ముఖములకు అనుకూలములు. కెమెరాలోని గ్రాహక ఫలకము చిన్నదై, సుమారు 24 మి.మీ. వెడల్పు, 16 మి.మీ. ఎత్తు గలదైనచో, ఈ సంఖ్యను ఒకటిన్నరతో హెచ్చవేసికొనవలెను. అనగా దానికి తగిలించిన 18–55 జూమ్ కటకము సుమారు 27–82 కటకము చేయు పనినే చేయును.

రెండవ సంఖ్య వెలుతురును గూర్చినది. 2.8, 4, 5.6 అను అంకెలలో ఒక్కొక్క మెట్టు పెరిగినపుడు లోనికి వచ్చు వెలుతురు సగమగుచుండును. కావున 5.6 వద్ద వచ్చునది 2.8 వద్ద వచ్చుదానిలో నాలుగవ వంతే. ఆరుబయట ఈ భేదము బాధింపదు. మండపముల లోపలి నీడలలో బాధించును. చేతి వణకును సరిచేయు ఏర్పాటు కెమెరాలో నున్నచో శిల్పములకు మేలు చేయును. కదలుచున్న మనుష్యులకు దానివలన ప్రయోజనము లేదు.

ఈ సంగతులన్నియు తెలిసియే మేము ఒకసారి పొరబడితిమి. కొన్ని యేండ్ల క్రిందట మా నాయనగారితో లేపాక్షికి వెళ్ళితిమి. సంచిలో మూడు కటకము లుండెను. అచటి వ్రేలాడు స్తంభము క్రిందుగా నాయనగారు వంగి తమ ఉత్తరీయమును పోనిచ్చి, అది ఆవలికి వచ్చుట చూచి చిన్నపిల్లవానివలె నవ్విరి. ఆ క్షణమున మేము కటకము మార్చుచుంటిమి. మరల చేయుడని వేడుకొనగా చేసిరి గాని, ఆ నవ్వు మరల రాలేదు. మరుసటి యేడు వారు గతించిరి. ఆనాటి చిత్రములలో స్తంభము మాత్రము మిక్కిలి స్పష్టముగా నున్నది.

అప్పటినుండి మేము యాత్రలో కటకము మార్చు పని పెట్టుకొనుట లేదు. 24–105 వంటి ఒక జూమ్ కటకము, అన్ని దూరములందును 4 అంకెను నిలుపుకొనునది, చాలవరకు సరిపోవును. దాని బరువు సుమారు 700 గ్రాములు. అదియు భారమనిపించిన వారికి చిన్న ఫలకము గల కెమెరాయు, 200 గ్రాములకు అటునిటుగా నుండు 18–55 కటకమును మేలు. చీకటి తావులకై 1.8 అంకె గల 35 మి.మీ. చిన్న కటక మొకటి సంచిలో నుండవచ్చును. నేలపట్టులో గూడబాతులను తీయగోరు వారికి తప్ప 300 మి.మీ. వరకు సాగు కటకముతో తరచుగా పని పడదు.

సెల్‌ఫోను ఉండగా కెమెరా యేల యని కొందరడుగుదురు. విశాల దృశ్యములకు, పగటి వెలుతురున, ఫోను చాలును. దూరపు ముఖమునకు, మసక వెలుతురునకు కెమెరాయే మెరుగు.

కొనుటకు ముందు ఒక చిన్న పరీక్ష చేయుడు. కెమెరాతో సమానమైన బరువును సంచిలో వేసి, ఒక ఆదివారము నాడు దానిని మోయుచు బజారంతయు తిరిగి రండు. ఇల్లు చేరునప్పటికి దానిని దింపవలెనను తొందర కలుగనిచో, ఆ బరువే మీకు తగినది. ఇంటిలో విడిచిపోయిన కెమెరా యెంత గొప్పదైనను మనవారి నవ్వును పట్టజాలదు గదా!