చిత్రకథలలో వీరనారి – శక్తి ఉన్నా పని లేని పాత్ర

మనిషి తనకు లేని బలాన్ని కథలో సంపాదించుకొంటాడు. ఎగరలేనివాడు రెక్కల గుర్రాన్ని ఊహించుకొంటాడు. న్యాయం దొరకనివాడు న్యాయం నిలబెట్టే వీరుణ్ణి ఊహించుకొంటాడు. ప్రాచీన కాలంలో ఈ ఊహ పురాణాలలోను, దాస్తానులలోను, కాశీమజిలీల వంటి కథలలోను నిలిచింది. ఇరవయ్యవ శతాబ్దంలో అది రంగుల బొమ్మల పుస్తకాలలోకి ప్రవేశించి అతిమానవ వీరుల చిత్రకథగా, అనగా సూపర్ హీరో కామిక్సుగా, రూపు దాల్చింది. 1938లో అమెరికాలో సూపర్‌మాన్ తొలిసారి కనిపించాడు. ఆ తరువాత 1964లో టైమ్స్ ఆఫ్ ఇండియా సంస్థ ప్రారంభించిన ఇంద్రజాల్ కామిక్సు ద్వారా ఫాంటమ్, మాండ్రేక్ వంటి వీరులు మన దేశంలో ఇంటింటికీ పరిచితులయ్యారు. సికింద్రాబాదు వంటి రైల్వే పట్టణంలో పెరిగిన వారికి స్టేషన్ పుస్తకాల దుకాణాలలో వేలాడే ఆ బొమ్మల అట్టలను వేరుగా వర్ణించి చెప్పనక్కరలేదు.

ఇవి పిల్లల కాలక్షేపమని తోసిపుచ్చడం సులభం. కాని పిల్లల మనస్సులో మొదట నాటుకొనేవి బొమ్మలే. కళాశాల సంచికల కోసం మా చేతికి వచ్చే సాహస కథలలో ఒక విశేషాన్ని గమనిస్తూ వచ్చాము. బాలురు రాసిన కథలో వీరుడు బాలుడే. అది సహజమనుకొందాము. బాలికలు రాసిన కథలలో సైతం తరచుగా వీరుడు బాలుడే. నాయిక అపాయంలో పడుతుంది, కన్నీరు కారుస్తుంది, చివరకు రక్షింపబడుతుంది. తన చేతిలోనే కలం ఉన్నా ఆ బాలిక తనకు ఒక్క సాహసమైనా ఎందుకు రాసుకోలేకపోయింది? ఈ ప్రశ్నకు సమాధానం వెదకడమే ఈ వ్యాసోద్దేశం.

ఇక్కడ రెండు విషయాలను వేరు చేసి చూడాలి. కథలో స్త్రీకి ఎంత బలం ఇచ్చారన్నది ఒకటి. ఆ బలంతో ఆమెను ఏమి చేయనిచ్చారన్నది మరొకటి. మొదటిదాని గురించే లోకంలో ఎక్కువ వాదన జరుగుతుంది. అసలు లోటు రెండవదానిలో ఉన్నదని మా అభిప్రాయం.

ముందుగా బలం సంగతి. 1961లో వెలువడిన ఫెంటాస్టిక్ ఫోర్ అనే చిత్రకథలో నలుగురు వీరులున్నారు. ఒకడు రబ్బరు వలె సాగుతాడు, ఒకడు అగ్నిగా మారుతాడు, ఒకడు బండరాతి దేహంతో గోడలు కూలుస్తాడు. నాలుగవ వ్యక్తి సూ స్టార్మ్ అనే యువతి. ఆమెకు రచయితలు ప్రసాదించిన శక్తి కనబడకపోవడం! నలుగురిలో ఉంటూ ఎవరికీ కనబడకుండా ఉండే నేర్పు లోకం స్త్రీకి ఏనాడో నేర్పింది. దానికి వేరే అద్భుతం అవసరం లేదు. 1964లో గాని ఆమెకు కంటికి కనబడని రక్షణకవచాన్ని సృష్టించే శక్తి లభించలేదు. ఆమె పేరులోని 'గర్ల్' అనే మాట పోయి 'ఉమన్' అనే మాట రావడానికి 1985 వరకు ఆగవలసి వచ్చింది. అప్పటికి కథలో ఆమె పెండ్లియై తల్లి కూడా అయినది.

ఇక పని సంగతి. 1941 చివర వండర్ ఉమన్ అవతరించింది. ఆమెను సృష్టించిన విలియం మౌల్టన్ మార్స్టన్ మనస్తత్వ శాస్త్రవేత్త. బాలికలకు ఆదర్శంగా నిలిచే బలవంతురాలు ఉండాలని కోరి ఆయన ఆమెను రూపొందించాడు. బలంలో ఆమె సూపర్‌మాన్‌తో సరితూగగలది. అయినా 1942లో వీరులందరూ కలిసిన జస్టిస్ సొసైటీలో ఇతర రచయితలు ఆమెకు అప్పగించిన పదవి కార్యదర్శి. అటుపై ఎన్నో సంచికలలో తక్కిన సభ్యులు శత్రువుపైకి బయలుదేరితే ఆమె కార్యాలయంలో మిగిలిపోయింది. పర్వతాలను ఎత్తగల చేతులకు సమావేశపు వివరాలు రాసే పని దక్కింది. బలానికి కొరత లేదు, పనికే కొరత.

మూడవ పద్ధతి మరింత బాధాకరమైనది. స్త్రీకి కలిగిన హానిని పురుషుని కథకు ఇంధనంగా వాడుకోవడం ఇందులోని కిటుకు. 1973లో స్పైడర్‌మాన్ ప్రియురాలు గ్వెన్ స్టేసీ మరణించింది. 1988లో వెలువడిన 'ది కిల్లింగ్ జోక్' అనే పుస్తకంలో బ్యాట్‌గర్ల్‌గా పేరొందిన బార్బరా గార్డన్ తుపాకి గుండుకు నడుము కింది చలనాన్ని కోల్పోయింది. ఈ రెండు కథలలోను దుఃఖం ఎవరిదని పరిశీలిస్తే పాఠకుని దృష్టి పురుషుని ముఖంపైనే నిలుపబడినదని తెలుస్తుంది. 1999లో గెయిల్ సిమోన్ అనే రచయిత్రి ఇలా చంపబడిన, వికలాంగులైన, శక్తులు పోగొట్టుకొన్న నాయికల పేర్లను ఒక పట్టికగా కూర్చి లోకం ముందుంచింది. విడివిడిగా చదివినపుడు విధివిలాసంగా తోచినది, వరుసగా చూచినపుడు అలవాటుగా బయటపడింది.

బార్బరా గార్డన్ కథకు ఒక తరువాయి ఉన్నది. 1989లో జాన్ ఆస్ట్రాండర్, కిమ్ యేల్ అనే రచయిత దంపతులు చక్రాల కుర్చీలో ఉన్న ఆమెను 'ఆరకిల్' అనే కొత్త పేరుతో తిరిగి నిలబెట్టారు. కంప్యూటర్ల సాయంతో సమాచారం సేకరించి వీరులకు దారి చూపే మేధావిగా ఆమె ఎదిగింది. గోడలెక్కి దూకిన రోజులలో లేని గాంభీర్యం ఆమె పాత్రకు కుర్చీలో కూర్చున్నాక వచ్చింది. దేహబలం తగ్గినా పాత్రబలం పెరిగినది. మేము పైన చేసిన విభజనకు ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకదు.

ఇదంతా పరదేశపు గొడవ, మనకేమి పట్టినదని కొందరు అడుగవచ్చును. మన ఇంటి వాకిలి కూడా చూద్దాము.

1951లో విడుదలయిన 'పాతాళభైరవి' చిత్రం తెలుగువారి అతిమానవ కథలన్నింటికీ పెద్ద. అందులో సర్వశక్తి స్త్రీరూపంలోనే ఉన్నది. దేవి ప్రత్యక్షమవుతుంది, కోరినది ఇస్తుంది, మేడలు మాయం చేస్తుంది. కాని ఆ శక్తి ఒక చిన్న బొమ్మకు కట్టుబడి ఉన్నది. బొమ్మ తోటరాముని చేతిలో ఉంటే రాముని మాట వింటుంది, మాంత్రికుని చేతిలో పడితే మాంత్రికుని మాట వింటుంది. దేవి తన ఇష్టమేదో చెప్పదు. రాకుమారి ఇందుమతి సంగతీ అంతే. ఆమె కోసమే కథ నడుస్తుంది గాని ఆమె వలన నడవదు. కళాఖండంగా ఆ చిత్రాన్ని మేమూ అభిమానిస్తాము. అభిమానించే వాటినే కదా పరిశీలించి చూడవలసినది!

'చందమామ'లో 1954లో 'తోకచుక్క'తో మొదలుపెట్టి దాసరి సుబ్రహ్మణ్యం రాసిన ధారావాహికలు కామిక్సులు కాకపోయినా 'చిత్రా' గీసిన బొమ్మల అండతో తరాల పిల్లలను కట్టిపడవేసినవి. 'రాకాసి లోయ'లో కేశవుడు, జయమల్లు. 'మాయా సరోవరం'లో జయశీలుడు, సిద్ధసాధకుడు. అడవులు దాటేది, మాంత్రికులను ఎదిరించేది ఇటువంటి మగ జంటలే. అంతటి కల్పనాసంపద గల కలానికి అటువంటి ఒక ఆడ జంట తోచలేదు.

ఉర్దూ సాహిత్యంలో పరిస్థితి కొంత భిన్నం. 1883 నుండి లక్నోలోని నవల్ కిశోర్ ముద్రణాలయం వెలువరించిన 'తిలిస్మ్-ఎ-హోష్‌రుబా' అనే బృహత్తర దాస్తానులో స్త్రీలు సేనలు నడుపుతారు. మలికా మహ్రుఖ్ మాంత్రిక చక్రవర్తి అఫ్రాసియాబ్‌పై తిరుగుబాటు చేసిన సైన్యానికి నాయకురాలు. సర్‌సర్ అనే యువతి అయ్యారా, అనగా వేషాలు మార్చి శత్రు శిబిరంలో చొరబడే గూఢచారిణి. నేటి చిత్రకథల నాయికలలో చాలామందికి వీరి పాటి స్వేచ్ఛ లేదు. అయినా ఇక్కడా ఒక ముడి ఉన్నది. మహ్‌జబీన్ వంటి యువతి పక్షం మారడానికి కారణం రాకుమారుడు అసద్‌పై వలపే గాని న్యాయాన్యాయ విచారణ కాదు. బలం ఆమెది, కారణం మరొకరిది.

వీటికి భిన్నంగా మన పల్లెల బుర్రకథలో బాలనాగమ్మ ఉన్నది. మంత్రబలం లేదు, ఆయుధం లేదు. మాయల ఫకీరు చెరలో ఒంటరిగా ఉండి, వ్రతం పేరు చెప్పి ఏండ్ల తరబడి అతనిని దూరంగా నిలిపినది. కొడుకు బాలవర్ధి వచ్చి విడిపించినపుడు చప్పట్లు కొడతాము. అన్నేండ్లు నిలబడిన ఆమె బుద్ధిబలం సంగతి ఒక్క మాటలో ముగిసిపోతుంది. సాహసం ఆమె చేసినది, కథ కుమారునికి చెందినది.

దీనికి కారణాలేమి? రాసేవారిలో, గీసేవారిలో అత్యధికులు పురుషులు కావడం ఒకటి. కొనేవారు బాలురేనని ప్రచురణకర్తలు ముందే నిశ్చయించుకొనడం మరొకటి. అన్నిటికంటె సూక్ష్మమైనది ధారావాహిక నిర్మాణం. పుస్తకం ఏ వీరుని పేరుతో వస్తుందో ప్రతి నెలా అతడే మారాలి, అతడే గెలవాలి. తక్కిన పాత్రలన్నీ అతని మార్పుకు సాధనాలవుతాయి. ఫాంటమ్ కథలో వీరత్వం తండ్రి నుండి కుమారునికి ఇరవైయొక్క తరాలుగా సంక్రమించింది. ఒక తరంలో అన్నకు బదులుగా చెల్లెలు జూలీ ముసుగు ధరించిన కథ 1952లో వచ్చినది గాని, అది అన్న కోలుకొనే దాకానే.

స్త్రీకి సహజంగానే బలం తక్కువ కదా, కథ ప్రకృతినే అనుసరించినదని కొందరంటారు. మరి ఆకాశంలో ఎగరడం పురుషునికి మాత్రం ప్రకృతిసిద్ధమా? భూమ్యాకర్షణను ధిక్కరించిన కలం లోకాచారాన్ని మాత్రం ధిక్కరించలేకపోయినదంటే తప్పు ప్రకృతిది కాదు.

కనుక నాయికను తూచడానికి ఎంత బరువు ఎత్తినదని అడుగనక్కరలేదు. మూడు ప్రశ్నలు చాలును. ఇతరులకు తెలియనిదేదైనా ఆమె తెలుసుకొన్నదా? తనంతట తాను ఒక నిర్ణయం చేసినదా? ఆ నిర్ణయానికి తానే మూల్యం చెల్లించినదా? బాలనాగమ్మ ఈ మూడింటిలోను నెగ్గుతుంది. రాకుమారి ఇందుమతి నెగ్గదు.

ఈ పరీక్షలో నెగ్గిన నేటి నాయిక ఒకతె మన విద్యార్థినులకు ప్రత్యేకంగా పరిచయం కాదగినది. 2014లో జి. విల్లో విల్సన్ రచనతో, సనా అమానత్ సంపాదకత్వంలో సొంత పుస్తకం పొందిన కమలా ఖాన్ అమెరికాలోని జెర్సీ సిటీలో పెరిగిన పాకిస్తానీ కుటుంబపు ముస్లిం బాలిక. మొదట శక్తి రాగానే ఆమె తాను ఆరాధించే తెల్లజాతి వీరనారి రూపాన్నే ధరిస్తుంది. తన ముఖంతోనే వీరనారి కావచ్చునని తరువాత తెలుసుకొంటుంది. అమ్మ కోపం, నాన్న బెంగ, బడి, మసీదు, స్నేహితులు అన్నీ ఆ కథలో ఉన్నవి. ఆ తొలి సంపుటికి 2015లో హ్యూగో పురస్కారం లభించింది. అయినా 2023లో ఆమెను చంపినది తన సొంత పుస్తకంలో కాదు, స్పైడర్‌మాన్ పుస్తకంలో! కొద్ది నెలలకే మరొక కథలో బ్రతికించారు. పాత అలవాటు ఎంత మొండిదో దీనిని బట్టి ఊహించవచ్చును.

మనకు నాయికలు లేక కాదు. 1262 నుండి 1289 వరకు ఓరుగల్లును ఏలిన రుద్రమదేవి రుద్రదేవ మహారాజనే పురుష నామంతో పాలించినది. ఆ పేరు వెనుక ఆమె పడిన ఘర్షణే ఒక గొప్ప కథ. 1595లో మొఘలు సేనలు ముట్టడించిన అహ్మద్‌నగర్ కోటను చాంద్‌బీబీ కాపాడినది. ఇంకా చేరువలో, మన సికింద్రాబాదుకు ఆనుకొనియున్న మౌలాలి గుట్ట పాదాన మహ్ లఖా బాయి చందా సమాధి ఉన్నది. 1768లో జన్మించి 1824లో గతించిన ఆమె గజళ్ళ దివాను కూర్చిన కవయిత్రి, విలువిద్య నేర్చినది, నిజాము వెంట దండయాత్రలకు వెళ్ళినది. మన విద్యార్థినీ విద్యార్థులలో ఎందరు ఆ సమాధిని చూచినారు?

కళాశాల కమిటీ వారికి మా మనవి రెండే. గ్రంథాలయానికి పుస్తకాలు ఎన్నునపుడు మంచి చిత్రకథలకు కూడా ఒక చిన్న అర కేటాయించాలి. రాబోయే సంచికలో ఉర్దూ విభాగపు విద్యార్థినులు, తెలుగు విభాగపు విద్యార్థినులు కలిసి రాసి గీసిన ఒక చిత్రకథకు నాలుగు పుటలు ఇవ్వాలి. మహ్ లఖా బాయి కథ ఉర్దూలోను తెలుగులోను ఎదురెదురు పుటలలో వస్తే ఎంత అందంగా ఉంటుంది!

విద్యార్థినులకు చెప్పునది ఒక్కటే. మీ నాయికకు రెక్కలు ఇవ్వండి, ఇవ్వకపోండి. ఆమెకు ఒక నిర్ణయం మాత్రం తప్పక ఇవ్వండి.