వెయ్యిలో 77, వెయ్యిలో 538

కెనడాలో పద్నాలుగేళ్ల వరకు వయసున్న పిల్లలను వెయ్యిమందిని ఒకచోట నిలబెడితే, వారిలో ఆదివాసీ పిల్లలు 77 మంది ఉంటారు. కన్నవాళ్ల దగ్గర నుంచి ప్రభుత్వం తీసుకెళ్లి ఫోస్టర్ ఇళ్లలో, అంటే పరాయి పంచన పెంచుతున్న పిల్లలను వెయ్యిమందిని నిలబెడితే మాత్రం 538 మంది ఆదివాసీలే. 2021 జనగణన చెప్పిన శాతాలు 7.7, 53.8. రెండింటినీ కలిపి లెక్కకడితే, ఆదివాసీ బిడ్డ ఫోస్టర్ ఇంట్లో ఉండే అవకాశం మిగతా పిల్లలకన్నా సుమారు 14 రెట్లు ఎక్కువ.

అక్కడి సోషల్ వర్కర్లకు ఆదివాసీల చరిత్ర, సంస్కృతి గురించి ప్రత్యేకంగా శిక్షణ ఎందుకని అడిగితే ఈ లెక్కే జవాబు. బిడ్డను ఇంట్లో ఉంచాలా, తీసుకెళ్లాలా అన్న ప్రశ్న మొదట పుట్టేది గడపలో నిలబడిన సోషల్ వర్కర్ మనసులో. ఆ మనిషి ఆ ఇంట్లో ఏం చూస్తున్నారు, చూసినదాన్ని ఏమనుకుంటున్నారు అన్నదాని మీద ఒక కుటుంబం నిలుస్తుంది, లేదా చెదురుతుంది.

గడప అవతల ఉన్నవాళ్ల జ్ఞాపకం వేరు. సుమారు 1,50,000 మంది ఆదివాసీ పిల్లలను ప్రభుత్వం డబ్బిచ్చి, చర్చిలు నడిపిన రెసిడెన్షియల్ స్కూళ్లలో పెట్టారు. 1920లో చట్టం సవరించి 7 నుంచి 15 ఏళ్ల పిల్లలకు హాజరును తప్పనిసరి చేశారు. సొంత భాష మాట్లాడితే శిక్షించారు. ఆ బడుల్లో చనిపోయినట్టు నమోదైన పిల్లలే 4,100 మందికి పైగా ఉన్నారు. బడులు తగ్గుముఖం పట్టే రోజుల్లో, 1950లు, 60ల నుంచి మరో తంతు మొదలైంది. శిశు సంక్షేమం పేరుతో సుమారు 20,000 మంది పిల్లలను తీసుకెళ్లి, ఎక్కువగా తెల్లవారి కుటుంబాలకు ఇచ్చారు. సిక్స్‌టీస్ స్కూప్ అని దానికి పేరు. ఆ పని స్కూలు పాదరీలు చేసింది కాదు, సోషల్ వర్కర్లు చేసింది. ఈరోజు తలుపు తట్టిన సోషల్ వర్కర్‌ని చూసి ఒక నాయనమ్మ పిల్లవాణ్ని లోపలి గదిలోకి పంపేస్తే, ఆమె ఏదో దాస్తోందని రాసుకోవచ్చు. ఆమెకు ఏం గుర్తొచ్చిందో తెలిసినవాళ్లు వేరేగా రాసుకుంటారు.

ఇక్కడ తెలుగువారు ప్రత్యేకంగా గమనించాల్సిన మాట ఒకటుంది. రెసిడెన్షియల్ స్కూల్ అంటే మనకు గురుకులం. 1971లో నల్గొండ జిల్లా సర్వేల్‌లో మొదలైనప్పటి నుంచి, గురుకులంలో సీటు వచ్చిందంటే పేదింట్లో పండగే. అలా చదువుకుని కెనడా చేరిన తెలుగు నర్సు, తెలుగు సోషల్ వర్కర్ ఎదుటివారితో కలుపుగోలుగా ఉందామని ‘నేనూ రెసిడెన్షియల్ స్కూల్లోనే చదివాను’ అనొచ్చు. మనసులో మంచి తప్ప మరొకటి ఉండదు. వినే క్రీ ఆదివాసీ తాతకు మాత్రం అది తన తమ్ముడు తిరిగి రాని బడి పేరు కావచ్చు. శిక్షణ అవసరం నాకు అన్నిటికన్నా స్పష్టంగా తెలిసేది ఈ ఒక్క మాటతోనే.

రెసిడెన్షియల్ స్కూళ్లపై విచారించిన ట్రూత్ అండ్ రీకన్సిలియేషన్ కమిషన్ 2015లో 94 సిఫార్సులు చేసింది. మొట్టమొదటి ఐదూ శిశు సంక్షేమం గురించే. పిల్లల కేసులు విచారించే సోషల్ వర్కర్లకు ఆ బడుల చరిత్ర, దాని ప్రభావం సరిగ్గా నేర్పాలని మొదటి సిఫార్సులోనే ఉంది. ఆదివాసీ కుటుంబాలు, సమాజాలే మెరుగైన దారి చూపగలవన్నది కూడా నేర్పాలని అందులోనే చెప్పారు. 57వ సిఫార్సు ఇదే చదువును ప్రభుత్వోద్యోగులందరికీ వర్తింపజేసింది.

నేర్పే పద్ధతుల్లో బాగా తెలిసినది దుప్పట్ల అభ్యాసం. కైరోస్ అనే క్రైస్తవ సంస్థల కూటమి పేరుతో నడుస్తున్న దీని మూలాలు 1997లో ఉన్నాయి. నేల మీద దుప్పట్లు పరుస్తారు. అవే భూమి. వచ్చినవాళ్లంతా చెప్పులు విడిచి వాటి మీద తిరుగుతారు. ఒకరు చరిత్ర చదువుతుంటారు. ఒప్పందం జరిగింది, ఒక దుప్పటి మడత. మశూచి వచ్చింది, కొందరు పక్కకు జరగాలి. పిల్లల్ని బడికి తీసుకెళ్లారు, ఇంకొందరు విడిగా నిలబడాలి. చివరికి చిన్న చిన్న మడతల మీద కొద్దిమంది మిగులుతారు. తర్వాత అందరూ వలయంగా కూర్చుని ఒక్కొక్కరే మాట్లాడతారు.

అయితే తెలుసుకోవడం ఒక్కటే చాలదని న్యూజిలాండ్ మావోరీ నర్సు ఇరిహపేటి రామ్స్‌డెన్ 1980ల చివర్లోనే గట్టిగా వాదించారు. ఎదుటివారి ఆచారాల జాబితా బట్టీపట్టడం కన్నా, తన చేతిలో ఉన్న అధికారాన్ని తాను గుర్తించడం ముఖ్యమన్నారు. సేవ భద్రంగా అందిందో లేదో తేల్చాల్సింది అందుకున్నవారే అన్నారు. 1992లో ఆ దేశపు నర్సింగ్ కౌన్సిల్ దీన్ని నర్సుల చదువులో చేర్చింది. నా దృష్టిలో ఈ రంగంలో ఇంతకన్నా పనికొచ్చే ఆలోచన లేదు.

కెనడాలో దీనికి అసలు పరీక్ష పేదరికం దగ్గర వస్తుంది. ఫస్ట్ నేషన్స్ అనే ఆదివాసీ జాతుల పిల్లల కేసుల్లో ఎక్కువగా కనిపించే ఆరోపణ కొట్టడం, హింసించడం కాదు, నిర్లక్ష్యం. దాని వెనక ఇరుకిళ్లు, లేమి, మత్తు అలవాట్లు ఉంటాయి. ఒకే గదిలో అయిదుగురు పిల్లలు వరసగా పడుకున్నారంటే ఫారం నింపేవారికి అది లోపంగా తోచవచ్చు. అమ్మమ్మ ఇంట్లో చాపల మీద వరసగా పడుకుని పెరిగిన తెలుగువారికి అందులో లోపం కనపడదు. 2020 జనవరి 1న అమల్లోకి వచ్చిన కేంద్ర చట్టం ఈ సంగతిని 15వ సెక్షన్‌లో పెట్టింది: పేదరికం, సరైన ఇల్లు లేకపోవడం వంటి కారణాలతోనే బిడ్డను తీసుకెళ్లకూడదు. 16వ సెక్షన్ వరస చెబుతుంది: ముందు కన్నవారు, తర్వాత బంధువులు, తర్వాత సొంత సమాజంవారు, తర్వాత ఇతర ఆదివాసీ కుటుంబాలు, ఆఖరున మిగతావారు.

ఇన్ని శిక్షణల ఫలితమేమిటి? ఫోస్టర్ పిల్లల్లో ఆదివాసీల వాటా 2011లో 48.1 శాతం, 2016లో 52.2, 2021లో 53.8. తగ్గలేదు. శిక్షణ వృథా అని నేను అనను. కానీ ఎంతమంది సర్టిఫికెట్లు తీసుకున్నారని గొప్పగా చెప్పుకునే శాఖలు లెక్కపెట్టాల్సినదాన్ని వదిలేసి వేరేది లెక్కపెడుతున్నాయి. సోషల్ వర్కర్‌కి ఎంత అవగాహన ఉన్నా, ఆ ఇంటికి ఇవ్వడానికి చేతిలో డబ్బు లేకపోతే చేయగలిగింది కొంతే. గిట్‌క్సాన్ ఆదివాసీ జాతికి చెందిన సిండీ బ్లాక్‌స్టాక్ నడిపే సంస్థ, మరో సంస్థతో కలిసి 2007లో వేసిన ఫిర్యాదుపై మానవ హక్కుల ట్రిబ్యునల్ 2016లో తీర్పిచ్చింది. ఆదివాసీలకు కేటాయించిన రిజర్వుల్లోని పిల్లల సేవలకు కేంద్రం తక్కువ నిధులిస్తూ వివక్ష చూపిందని తేల్చింది. పరిహారం చివరికి 2,334 కోట్ల డాలర్లకు చేరింది.

కెనడా పౌరులయ్యే తెలుగువారికి ఇదంతా పరాయి సంగతి కాదు. 94వ సిఫార్సు ప్రకారం 2021 జూన్‌లో పౌరసత్వ ప్రమాణం మారింది. ఫస్ట్ నేషన్స్, ఇన్యూట్, మేటీ ఆదివాసీ ప్రజల హక్కుల ప్రస్తావన ఇప్పుడు ఆ ప్రమాణంలోనే ఉంది. చేయెత్తి ఆ మాట పలికినవారిలో కొందరు రేపు ఆస్పత్రుల్లో, బడుల్లో, శిశు సంక్షేమ కార్యాలయాల్లో పనిచేస్తారు. వాళ్లలో ఎవరో ఒకరు ఏదో ఒక రోజు అలాంటి గడపలో నిలబడతారు.