సాయంత్రానికి పదిమంది వస్తున్నారు!

పిల్లవాడి పరీక్షా ఫలితాలు మధ్యాహ్నం వెలువడతాయి. లేదా ఎన్నాళ్ళుగానో ఎదురుచూస్తున్న ప్రమోషను ఉత్తర్వు చేతికందుతుంది. ఆ ఉత్సాహంలో ఇంటాయన పదిమందికీ ఫోను చేసి, "సాయంత్రం మా ఇంటికి రండి" అంటాడు. పిలవడానికి పది నిమిషాలు చాలు. ఆ తరువాతి నాలుగు గంటలూ ఎలా గడుస్తాయో గృహిణికి మాత్రమే తెలుసు. అల్మారాలోని గాజు గ్లాసులు కిందికి దిగుతాయి. స్టవ్వు మీద ఒకదాని వెనుక ఒకటిగా నాలుగు రకాలు ఎక్కుతాయి. పిల్లలకు అకారణంగా చీవాట్లు పడతాయి. అతిథులు తిని, నవ్వుకుని, వెళ్ళేటప్పుడు గుమ్మంలో నిలబడి, "వదినగారూ, మీరు వంటింట్లోనే ఉండిపోయారు, నాలుగు మాటలు చెప్పుకోవడానికే కుదరలేదు" అని నొచ్చుకుంటారు. కొడుకు ఉత్తీర్ణుడైన రోజున కన్నతల్లికి దక్కిన వేడుక బజ్జీల మూకుడు దగ్గర నిలబడడం!

హఠాత్తుగా తలపెట్టిన విందు సవ్యంగా జరిగిందో లేదో తేల్చడానికి నాకు తోచిన కొలత ఒక్కటే. ఇల్లాలు కూడా నలుగురి మధ్యా కూర్చున్నదా? కూర్చుని ఉంటే ఆ పూట వడ్డించినవి రెండే రకాలైనా లోటేమీ లేదు.

తిథి చూసుకోకుండా వచ్చేవాడు అతిథి అని మన పెద్దలు ఆ మాటకు అర్థం చెప్పేవారు. అనుకోకుండా మనిషి రావడమన్నది ఈ దేశంలో ఏ ఇంటికీ కొత్త కాదు. అందుకు తగిన వంటలు కూడా ప్రతి ప్రాంతంలోనూ ఉన్నాయి. మహారాష్ట్రలో ఉల్లిపాయలు వేసి చేసే అటుకుల పోహే పెళ్ళిచూపులకు సైతం సరిపోతుంది. బెంగాలీలు మరమరాల్లో ఆవనూనె, ఉల్లిపాయ, పచ్చిమిర్చి కలిపి గిన్నె మధ్యలో పెట్టుకుని గంటల తరబడి ముచ్చట్లాడతారు. అస్సాములో కంచు పళ్ళెంలో తమలపాకు, వక్క అందించడమే గొప్ప మర్యాద. మన రాయలసీమ ఉగ్గాని సంగతి చెప్పనే అక్కరలేదు. బొరుగులను నీళ్ళలో ముంచి, మెత్తబడీ పడకముందే గట్టిగా పిండి, ఉల్లిపాయ తాలింపులో కలిపి, పుట్నాల పొడి చల్లితే పావుగంటలో పళ్ళెం సిద్ధం. ఇవన్నీ పేదరికపు వంటలని ఎవరూ అనుకోలేదు. మరి మన ముందుగదిలోకి వచ్చేసరికి నాలుగు రకాలు లేకపోతే పరువు పోతుందన్న భయం ఎందుకో!

పరువుకూ పదార్థాల సంఖ్యకూ ముడి ఎల్లకాలం ఉన్నదీ కాదు. 1965లో వారానికి ఒక పూట భోజనం మానుకొమ్మని ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి దేశాన్ని కోరారు. ఆ కొరత రోజుల్లో కొన్ని రాష్ట్రాలు విందులకు వచ్చే అతిథుల సంఖ్యను కట్టడి చేస్తూ ఉత్తర్వులు సైతం జారీ చేశాయి. అయినా శుభకార్యాలు ఆగలేదు.

ఇక పని విషయానికి వద్దాం. సగం బరువు ఆహ్వానంలోనే దిగిపోతుంది. "ఇంటికి రండి" అంటే భోజనమని అర్థం చేసుకునేవారున్నారు. "ఆరు గంటలకు టిఫినుకూ కాఫీకీ రండి" అంటే ఎనిమిదింటికల్లా లేస్తారు. ఇంట్లో రాత్రి వంట చేసుకునే రావచ్చునని వారికీ తెలుస్తుంది. ఫోను చేసేవారు ఈ ఒక్క మాట స్పష్టంగా చెప్పాలి. చేసే ముందు ఇంట్లో అడగాలని వేరే చెప్పనక్కరలేదు.

వండేది ఒక్కటే పెట్టుకోండి. అది చల్లారినా చెడనిది కావాలి. చాలామంది మొదట తలచుకునేది ఉప్మా. నలుగురికైతే దానికి సాటి లేదు. కానీ పదిమంది ఒకరి తరువాత ఒకరుగా వస్తూ ఉంటే మొదటివారికి ఉప్మా, చివరివారికి గట్టిపడ్డ ముద్ద. ఇటువంటి రోజున ఆదుకునేది నిమ్మకాయ పులిహోర. కిలో బియ్యం వండితే పన్నెండు మందికి టిఫినుకు సరిపోతుంది. అన్నం కాస్త పలుకుగా ఉన్నప్పుడే దించి వెడల్పాటి పళ్ళెంలో ఆరబెట్టి, పసుపు, చెంచాడు నూనె కలపాలి. తాలింపులో వేరుశనగలకు లోభం చూపకండి. నాలుగింటికి తాలింపు కలిపి, ఆపైన ఎనిమిది కాయల రసం పిండండి. రసాన్ని పొయ్యి మీద వేడి చేస్తే చేదెక్కుతుంది, కనుక చల్లారిన అన్నంలోనే కలపాలి. ఆరింటికల్లా పులుపు మెతుకు మెతుకుకూ పడుతుంది, ఆ రెండు గంటలూ మీవి.

వేడివేడిగా ఏదైనా ఉండాలన్న కోరిక ఉంటే వీధి చివరి బండి దగ్గర మిరపకాయ బజ్జీలు కొనండి. బజ్జీలకు ఇంట్లో మూకుడు పెట్టారా, ఒక మనిషి ఆ సాయంత్రానికి లేనట్టే. తీపికి ఒక అరటి అత్తం చాలు. లీటరు పెరుగుకు మూడు లీటర్ల నీళ్ళు పోసి చిలికి, దంచిన అల్లం, కరివేపాకు, ఉప్పు వేసి వడకట్టిన మజ్జిగ పిల్లలకూ, కాఫీ మానినవారికీ పనికివస్తుంది. కాఫీ డికాక్షన్ నాలుగింటికే ఫిల్టరులో పెట్టండి. కలిపి ఫ్లాస్కులో పోసి, పంచదార వేరే గిన్నెలో ఉంచితే మధుమేహం ఉన్నవారు నోరు తెరిచి చెప్పుకోవలసిన అవస్థ కూడా తప్పుతుంది. ఈ రోజుల్లో అంతా హోటలు నుంచి తెప్పించుకోవచ్చు, నిజమే. పనులకు వెళ్ళే దంపతులకు అదే మేలు. అప్పుడు కూడా రెండు రకాలతో ఆగడం మంచిది.

ఇల్లంతా దులపనక్కరలేదు. ముందుగది, మెట్లు, స్నానాలగది శుభ్రంగా ఉంటే చాలు. పడకగది తలుపు దగ్గరగా వేసేయండి. కుర్చీలు చాలకపోతే జంబుఖానా పరవండి. నేల మీద కూర్చున్నప్పుడు సంభాషణ త్వరగా కలుస్తుందని నా అనుభవం. పెద్దలకు మాత్రం గోడ పక్కన రెండు కుర్చీలు వేయాలి.

అసలు కష్టం వడ్డనలో ఉంది. గిన్నెలన్నీ గదిలోనే ఒక బల్ల మీద పెట్టి, ఎవరికి కావలసినంత వారిని వడ్డించుకోమంటే కొందరికి అమర్యాదగా తోస్తుంది. ఆ సంకోచం ఉన్నవారు గురుద్వారాల్లోని లంగరును తలచుకోవచ్చు. అక్కడ అందరూ ఒకే బంతిలో నేల మీద కూర్చుంటారు. వచ్చిన భక్తులే రొట్టెలు వత్తుతారు, వడ్డిస్తారు, గిన్నెలు తోముతారు. ఎవరి గౌరవమూ తగ్గదు. మన ఇంట్లోనూ ఇంటాయన మంచినీళ్ళు అందించవచ్చు. ఫలితాలలో నెగ్గిన కుర్రవాడు కాఫీ గ్లాసులు తిప్పవచ్చు. ఎవరైనా, "అక్కయ్యా, మీరు కూర్చోండి, నేను చూస్తాను" అంటే వద్దనకండి. మొహమాటానికి "అయ్యో, మీరా?" అని లేచారంటే తిరిగి వంటింట్లోకే చేరతారు.

గ్లాసులు చాలకపోతే పక్కింటి నుంచి అడిగి తెచ్చుకోండి, వారినీ రమ్మనండి. రాత్రి పులిహోర కాస్త మిగులుతుంది. పక్కింటి గిన్నెను ఖాళీగా తిరిగి ఇవ్వకూడదు గనుక, దాన్ని అందులోనే పెట్టి పంపించండి.