సర్దార్ మహల్ బాగుపడితే బస్తీవాళ్లకు ఏం దక్కాలి?

కిషన్‌బాగ్, అసద్ బాబా నగర్ వైపు ఇళ్లు చిన్నవి, కుటుంబాలు పెద్దవి. పరీక్షలకు చదువుకునే అమ్మాయికి నిశ్శబ్దంగా ఉండే గది, ఆడవాళ్లు కుట్టుపని నేర్చుకునేందుకు ఒక హాలు, పెద్దలు కూర్చుని ఉర్దూ పేపర్ చదువుకునే చోటు దొరకడం కష్టం. ఇదే పాతబస్తీలో మరోవైపు నవాబుల నాటి దేవిడీలు కప్పులు కారుతూ, గోడలు కూలుతూ ఉన్నాయి. ఆ పాత ఇళ్లు ఈ అవసరం తీర్చగలవా? చార్మినార్ దగ్గరున్న సర్దార్ మహల్‌ను చూస్తే విషయం అర్థమవుతుంది.

పన్ను బకాయితో చేతులు మారిన మహల్

ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ తన బేగం సర్దార్ బేగం కోసం 1900లో యూరప్ శైలిలో దీన్ని కట్టించారు. ఆమెకు మాత్రం ఇది నచ్చలేదని, అందులో ఉండలేదని చెబుతారు. ఆస్తి పన్ను బకాయిల కింద 1965లో మున్సిపల్ కార్పొరేషన్ స్వాధీనం చేసుకుంది. ఆ తర్వాత ఏళ్ల తరబడి మున్సిపల్ ఆఫీసుగానే నడిచింది.

2022 ఏప్రిల్‌లో బహదూర్‌పురా ఫ్లైఓవర్ ప్రారంభమైన రోజే, అప్పటి మున్సిపల్ మంత్రి కేటీఆర్ 30 కోట్ల రూపాయల అంచనాతో ఈ మహల్ పనులకూ శంకుస్థాపన చేశారు. దీన్ని సాంస్కృతిక కేంద్రంగా మార్చాలన్నది ఆలోచన.

సిమెంట్ పూస్తే సరిపోదా?

సరిపోదు. పాత గోడలు డంగు సున్నంతో కట్టినవి. సున్నం గోడ తేమను పీల్చుకుంటుంది, మళ్లీ బయటికి వదులుతుంది. దానిపై సిమెంట్ పూస్తే తేమ లోపలే ఉండిపోతుంది. ఉప్పు పేరుకుని, గచ్చు పొరలు పొరలుగా ఊడిపోతుంది. అందుకే సున్నం, ఇసుకలో బెల్లం, కరక్కాయ నీళ్లు కలిపే పాత పద్ధతినే మళ్లీ వాడతారు. దీనికి తెలిసిన మేస్త్రీలు కావాలి, టైం కూడా ఎక్కువ పడుతుంది. ఖర్చు పెరిగేది ఇక్కడే.

అసలు లెక్క తర్వాతే

రిపేరు ఖర్చు ఒక్కసారిది. కరెంటు, వాచ్‌మెన్, శుభ్రత, ప్రతి వానాకాలం ముందు కప్పు చూసుకోవడం ఏటా ఉండే ఖర్చు. ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో ముందే తేల్చకపోతే పదేళ్లలో కథ మళ్లీ మొదటికొస్తుంది. చౌమహల్లా ప్యాలెస్ 2005లో జనానికి తెరుచుకుంది. టికెట్లు ఆదాయం తెస్తాయి. అక్కడి పునరుద్ధరణకు 2010లో యునెస్కో అవార్డు వచ్చింది. అబిడ్స్‌లో సరోజినీ నాయుడు ఇల్లు గోల్డెన్ త్రెషోల్డ్‌ది మరో దారి. 1974లో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ మొదలైంది ఆ ఇంట్లోనే. ఇంటి బాధ్యత ఒక సంస్థ తీసుకుంది.

సర్దార్ మహల్ ప్లాన్‌లో ఆర్ట్ గ్యాలరీ, కేఫ్, బస చేసే గదుల మాట ఉంది. ఇందులో తప్పేమీ లేదు, ఆదాయం కావాలి. కానీ కాఫీ ధర చూసి బస్తీవాళ్లు గేటు దగ్గరే వెనక్కి తిరిగితే అది ప్రజల ఇల్లు ఎలా అవుతుంది? ఈ మహల్‌ను దక్కించుకున్నది పన్ను కట్టేవాళ్ల కార్పొరేషనే కదా!

అడగాల్సినవి మూడు

ఒకటి, ఉచితంగా కూర్చుని చదువుకునే హాలు. రెండు, ఆడవాళ్లకు, స్కూలు పిల్లలకు వారంలో కొన్ని గంటలు. మూడు, జరీ, కాలిగ్రఫీ లాంటి పనులు నేర్పే, అమ్ముకునే చోటు. ఇవి మాటల్లో కాదు, నిర్వహణ ఒప్పందంలోనే రాసి ఉండాలి. ఒప్పందం సంతకాలయ్యాక అడిగితే ఎవరూ వినరు.

2015లో పాత కట్టడాలను కాపాడే 13వ నిబంధన రద్దయింది. 2017లో తెలంగాణ హెరిటేజ్ చట్టం వచ్చింది. 2019లో ఇర్రం మంజిల్ కూల్చివేత నిర్ణయాన్ని హైకోర్టు కొట్టేసింది. చట్టం, కోర్టు భవనాన్ని నిలబెట్టగలవు. దాని తలుపులు ఎవరికి తెరుచుకోవాలో మాత్రం అడిగి సాధించుకోవాల్సింది ఇక్కడి జనమే. వార్డు మీటింగుల్లో, కార్పొరేటర్ల దగ్గర ఈ ప్రశ్న ఇప్పుడే రావాలి.