కాంటా ఆగితే ఆపరేషన్ ఫెయిలైనట్టేనా?

బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకున్నోళ్లకు మొదటి రెండు వారాలు పండుగ లెక్కనే ఉంటది. పొద్దున లేచి కాంటా ఎక్కితే అరకిలో తక్కువ, ఎల్లుండి మల్ల కిలో తక్కువ. ప్యాంటు వదులైతది. చూసినోళ్లంతా మొఖం గుంజుకపోయిందంటరు. ఇగ మూడో వారం వస్తది. కాంటా 112 కాడ ఆగుతది. తెల్లారి 112. నాలుగో దినం 112.3. తినేది చూస్తే దినమంత కలిపి నాలుగు గంటెలు జావ, రెండు గ్లాసుల పాలు. గింత తక్కువ తిన్నా బరువు ఎట్ల పెరిగిందని మనిషికి చెమటలు పడ్తయి.

ఇంట్ల ముచ్చట్లు గప్పుడే షురువైతయి. "లక్షలు పోస్తిమి, ఏమాయె?" అని ఒకరు. "దొంగసాటుగ తింటున్నడేమో" అని ఇంకొకరు. అప్పు తెచ్చి చేయించుకున్న పిలగాడు, లగ్గం ముంగట చేయించుకున్న పిల్ల, వీళ్ల మీద ఆ మాట ఎట్ల పడ్తదో చెప్పనక్కర్లేదు. గందుకే సాఫ్ సీదా చెప్పుకోవాలె. మూడో వారం అటిటుగ బరువు ఆగుడు మస్తుమందికి అయ్యేదే. అది కోసిన డాక్టర్ తప్పు గాదు, తిన్నోని తప్పు గాదు. నష్టం జరిగేది ఆగిందని భయపడి చేసే పనులతోని.

ముందుగాల అసలు లోపట ఏమైతదో చూద్దాం. మన దిక్కు ఎక్కువ జరిగేవి రెండు ఆపరేషన్లు. స్లీవ్ అంటే కడుపు సంచిని నిలువునా కోసి నాల్గింట మూడొంతులు, ఇంకా జెర ఎక్కువనే తీసేస్తరు. మిగిలేది అరటిపండు ఆకారంల ఒక గొట్టం. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోను ఎక్కువ తయారయ్యేది ఆ తీసేసిన భాగంలనే, గందుకే మొదట్ల ఆకలే కాదు. బైపాస్ అంటే కడుపు పైభాగంల కోడిగుడ్డు కన్న చిన్న సంచి చేసి, దాన్ని సీదా చిన్నపేగుకు కలుపుతరు. రెండిట్ల ఏదైనా, మనిషి తినేది ఒక్కసారిగ దినానికి ఆరేడు వందల క్యాలరీలకు పడిపోతది.

తిండి తగ్గంగనే ఒళ్లు మొదట కొవ్వును ముట్టుకోదు. లివర్ల, కండలల్ల దాచిపెట్టిన గ్లైకోజెన్ అనే చక్కెర నిల్వను తీస్తది. అది అంత కలిపి అరకిలో దాక ఉంటది. గని ప్రతి గ్రాము గ్లైకోజెన్ తన ఎంబడి దాదాపు మూడు గ్రాముల నీళ్లను పట్టుకోని ఉంటది. నిల్వ కరిగితే నీళ్లు సుత పోతయి. గట్లనే రెండు కిలోల దాక మాయమైతది. దీనికి తోడు దవాఖానల ఎక్కించిన సెలైన్ నీళ్లు గూడ ఒంట్లకెళ్లి మెల్లగ పోతయి. డిశ్చార్జ్ అయిన నాడు ఆపరేషన్ ముందటి కన్న ఎక్కువ బరువు తూగినోళ్లు మస్తుమంది ఉంటరు, కారణం గా సెలైనే.

పత్తి అమ్మినోళ్లకు తేమ లెక్క కొత్తగ చెప్పే పని లేదు. సీసీఐ కాడ తేమ 8 శాతం లోపల ఉంటెనే పూర్తి మద్దతు ధర, 12 దాటితే వాపస్. తడి పత్తిని రెండు దినాలు ఎండకేస్తే తూకం తగ్గుతది. పత్తి తగ్గిందా? లేదు, నీళ్లు పోయినయి. మొదటి రెండు వారాల్ల మీరు చూసిన తగ్గుడుల చానా భాగం ఇసొంటిదే. మూడో వారంల ఏమైతదంటే, పల్చటి నీళ్లకెళ్లి మెత్తటి తిండికి వస్తరు, లోపట గ్లైకోజెన్ జెర మల్ల నిండుతది, దాంతోని నీళ్లు సుత వాపస్ వస్తయి. కొవ్వు మాత్రం కరుగుతనే ఉంటది, తూకంల కనవడదు.

లెక్క వేసి చూడుండ్రి. కిలో కొవ్వు కరగాలంటే సుమారు 7700 క్యాలరీలు ఖర్చు కావాలె. దినానికి 2000 ఖర్చయ్యే మనిషి 650 తింటుండనుకోండి, 1350 లోటు. అంటే దినానికి 175 గ్రాముల దాక కొవ్వు, వారానికి కిలో మీద పావు. గదే వారంల లీటరుంపావు నీళ్లు ఒంట్ల ఆగినయంటే కాంటా కదలదు. లీటరు నీళ్లంటే కిలోనే గదా! ఆడపిల్లలకు నెలసరి ముంగట నీళ్లు ఆగుతయి. ఐరన్ గోళీలు, తక్కువ తిండి కలిసి మలబద్ధకం వస్తది, అదీ తూకంల పడ్తది. "కడుపు మల్ల సాగిందా?" అని చానామంది అడుగుతరు. మూడు వారాలల్ల గట్ల సాగదు.

అసలు ఎంత తగ్గాలె అన్న లెక్కనే మనోళ్లకు ఎవ్వరు సరిగ్గ చెప్తలేరు. పోస్టర్ మీద 120 కిలోల మనిషి పక్కన 60 కిలోల మనిషిని పెడ్తరు, చూసినోడు మూడు నెలలల్ల గట్లనే అయితననుకుంటడు. డాక్టర్ల లెక్క వేరే ఉంటది. 160 సెంటీమీటర్ల ఎత్తు, 115 కిలోల బరువున్న మనిషిని తీసుకోండి. ఆ ఎత్తుకు 64 కిలోల పైన ఉన్నదంత అదనపు బరువని లెక్కిస్తరు, అంటే 51 కిలోలు. ఏడాది, ఏడాదిన్నరల ఆ అదనపు బరువుల సగం కన్న ఎక్కువ, 60 శాతం అటిటుగ పోతే ఆపరేషన్ మంచిగ పని చేసినట్టే. అంటే 30 కిలోలు. మనిషి 85 కాడ నిలవడొచ్చు. సినిమా హీరో లెక్క కాకపోవచ్చు, గని షుగర్, బీపీ, మోకాళ్ల నొప్పి, నిద్రల గురక, వీటికి ఆ 30 కిలోలే పెద్ద తేడా. స్వీడన్‌ల 1987ల మొదలువెట్టి, ఆపరేషన్ అయినోళ్లను ఏండ్లకేండ్లు ఎంబడి చూసిన పెద్ద అధ్యయనం ఒకటుంది. అండ్ల సుత అందరికన్న తక్కువ బరువు కనవడ్డది ఏడాది, రెండేండ్ల నడుమనే. మూడో వారంల కాదు.

ఇప్పుడు భయపడి చేసే పనుల కాడికి వద్దాం. మొదటిది, ఉన్న తిండి గూడ బంజేసుడు. తిండి ఇంకా తగ్గిస్తే ఒళ్లు కండను తింటది. కండ తగ్గితే ఒళ్లు ఖర్చు పెట్టే క్యాలరీలు తగ్గుతయి, బరువు తగ్గుడు ఇంకా నిదానమైతది. అందుకే దినానికి 60 నుంచి 80 గ్రాముల ప్రొటీన్ తీసుకోమంటరు. మన ఇండ్లల్ల తక్లీఫ్ ఈడనే ఉంది. ఆపరేషన్ అయినోనికి అమ్మ ప్రేమతోని పెట్టేది గంజి, రాగి జావ, బ్రెడ్డు, చారు పోసిన మెత్తటి బువ్వ. ఇండ్ల ప్రొటీన్ చానా తక్కువ. గుడ్డుల 6 గ్రాములు, గ్లాసు పాలల్ల 6, 7 గ్రాములు, 100 గ్రాముల పన్నీర్‌ల 18 దాక, ఉడికిన కోడికూర 100 గ్రాములైతే 25 దాక ఉంటది. ఏది ఎప్పుడు తినాలన్నది మీకు ఇచ్చిన తిండి చిట్టీ ప్రకారమే. నీళ్ల దశ, మెత్తటి దశ, గట్టి తిండి దశ అని ఉంటయి, వాటిని దాటి దుంకొద్దు. గని ఏ దశల ఉన్నా గంటె పట్టుకుంటే మొదట ప్రొటీన్ తినాలె, జాగ మిగిలితె తర్వాత బువ్వ. మెత్తగ నలిపిన గుడ్డు, నీళ్లు వడగట్టిన పెరుగు, మెత్తగ మెదిపిన గట్టి పప్పు, ముండ్లు లేని చేప ఇట్లాంటివి. మొదటి వారాల్ల ఇవి సరిపోవని డైటీషియన్ పాలల్ల కలిపే పొడి రాస్తరు. అది వేరు, వాట్సాప్‌ల అమ్మే "పది దినాల్ల పది కిలోలు" పొడి వేరు. రెండోదాన్ని ముట్టకుండ్రి.

నీళ్లు దినానికి లీటరున్నర నుంచి రెండు లీటర్లు పోవాలె. చెంబెడు నీళ్లు గటగట తాగుడు ఇగ కుదరది, గుటుక గుటుక తాగాలె. తినేటప్పుడు తాగొద్దు, తిన్నంక అరగంట ఆగాలె. ఎండకాలం పొలం కాడికి పోయేటోళ్లు సీసా ఎంబడి ఉంచుకోవాలె. మొదటి నాలుగు నుంచి ఆరు వారాలు ఎరువు బస్తాలు, నీళ్ల క్యాన్లు లేపొద్దు, నడుసుడు మాత్రం మొదటి దినం సందే మంచిది.

ఇంకోటి, చిన్న కడుపును గూడ మోసం చేసే తిండి ఉంటది. సకినాలు, మురుకులు, మిక్చర్, బిస్కెట్లు నోట్ల మెత్తగయి సీదా జారిపోతయి, కడుపు నిండినట్టే అనిపియ్యదు. కూల్‌డ్రింకు, చక్కెర చాయ్ దినానికి ఐదు సార్లు గూడ గంతే. దావత్‌ల ముచ్చట వేరే చెప్పాలె. ఈ ఆపరేషన్ అయినంక మందు తొందరగ నెత్తికెక్కుతది, ఇంతకు ముందటి కన్న తక్కువ తాగినా రక్తంల ఎక్కువ చేరుతది. "ఒక్క పెగ్గేరా బై" అన్నోడు బండి మీద మిమ్ముల ఇంటికి తోల్కపోడు. బీడీ, సిగరెట్‌తోని కుట్లేసిన కాడ పుండు పడే ప్రమాదం ఉంది, ముఖ్యంగ బైపాస్ అయినోళ్లకు.

నన్నడిగితె బరువు ముచ్చట కన్న పెద్దది వాంతుల ముచ్చట. తొందరగ మింగినా, సరిగ్గ నమలకపోయినా వాంతి అయితది, ఒకటి రెండు సార్లయితే పరేషాన్ కావొద్దు. గని రెండు మూడు దినాలు అదే పనిగ వాంతులైతుంటె ఒంట్ల బీ1 విటమిన్ అడుగంటుతది. అప్పుడు మనం ఏం చేస్తం? ఊర్ల ఆర్‌ఎంపీ కాడికి పోయి గ్లూకోజ్ బాటిల్ ఎక్కియ్యమంటం. బీ1 ఇయ్యకుంట ఉత్త గ్లూకోజ్ ఎక్కిస్తే ఉన్న కొంచెం బీ1 గూడ ఖర్చయి మెదడు దెబ్బతినొచ్చు. నడక తూలుడు, చూపు రెండుగ కనవడుడు, మతిమరుపు గట్లనే వస్తయి. గందుకే బాటిల్ ముంగట, "నాకు కడుపు ఆపరేషన్ అయింది, బీ1 ఇయ్యాలె" అని చెప్పుండ్రి, వీలైతే ఆపరేషన్ అయిన దవాఖానకే ఫోన్ కొట్టుండ్రి. నొప్పులకు డైక్లోఫెనాక్ ఇంజెక్షన్, ఐబూప్రోఫెన్ గోళీ గూడ గట్లనే అడ్డగోలుగ వాడొద్దు, కడుపుల పుండ్లు చేస్తయి. షుగర్, బీపీ గోళీలు పాత లెక్కనే మింగుడు గూడ ప్రమాదమే. తిండి తగ్గింది కాబట్టి షుగర్ ఒక్కసారి పడిపోవచ్చు, డోసు డాక్టర్‌తోని మార్పించుకోవాలె.

గుండె దడదడ కొట్టుకునుడు, జ్వరం, కడుపుల గట్టి నొప్పి, ఎడమ భుజంల నొప్పి, దమ్ము ఆడకపోవుడు, ఒక్క కాలు పిక్క వాచుడు, నీళ్లు గూడ నిలవకపోవుడు, ఇండ్ల ఏది కనవడ్డా తెల్లారెదాక ఆగొద్దు, 108కి కొట్టుండ్రి. కుట్టు కాడ లీకయినా, రక్తం గడ్డకట్టినా ఇసొంటి గుర్తులే వస్తయి.

కాంటా ఎక్కుడు వారానికి ఒక్కసారి చాలు. ఒకే కాంటా, పొద్దుగాల, బయటికి పోయొచ్చినంక, తినక ముందు. ఇయ్యాల కిరాణం కొట్టు కాంటా, రేపు బస్టాండ్ల రూపాయి మిషన్ అని మారిస్తే రెండు కిలోలు అటిటు చూపెట్టి మీ నిద్ర చెడగొడ్తది. నెలకోసారి టేపుతోని నడుము కొలుసుకోండి, తూకం ఆగిన నెలల గూడ నడుము తగ్గుతది. నెలా, నెలన్నర దాక తూకం, నడుము రెండూ కదలకపోతె అప్పుడు డైటీషియన్ కాడికి పోవాలె, తిన్నదంత ఒక వారం కాయితం మీద రాసుకోని పోతే ఇంకా మంచిది.

పెండ్లయిన చెల్లెండ్లు ఒకటి యాది పెట్టుకోవాలె. బరువు తగ్గుతుంటే ఆగిపోయిన నెలసరి మల్ల మొదలైతది, గర్భం నిలిచే అవకాశం పెరుగుతది. గని ఏడాది, ఏడాదిన్నర దాక గర్భం వద్దంటరు, తల్లికే సరిపోని పోషణ బిడ్డకు ఏడికెళ్లి వస్తది? బైపాస్ అయితే గర్భం రాకుండ మింగే గోళీలు సరిగ్గ పని చెయ్యకపోవచ్చు, వేరే మార్గం అడగాలె. అత్తగారింట్ల ఈ ముచ్చట చెప్పుడు కష్టమే, డాక్టర్ నోటెంట భర్తకు చెప్పిస్తె మేలు. మూడు నెలలు దాటినంక జుట్టు ఊడుతది, చానామందికి మల్ల వస్తది.

మనసు ముచ్చట గూడ ఉంది. చానామందికి బాధ అయితె తినుడు అలవాటు. ఆపరేషన్ ఆ దారి మూసేస్తది, బాధను మాత్రం తియ్యదు. కాంటా ఆగిన వారంల ఏడుపొస్తే, ఎవ్వరితోని మాట్లాడబుద్ధి కాకపోతే, 14416కు ఫోన్ చేస్తే సర్కారు టెలిమానస్ వాళ్లు పైసలు తీసుకోకుంట తెలుగులనే మాట్లాడుతరు.

ఇగ చానామంది ఎగ్గొట్టేది మూడో నెల చెకప్. బరువు ఆగిందని సిగ్గుతోని కొందరు పోరు, హైదరాబాదుకు బస్సు కిరాయి, ఒక దినం కూలి పోతదని ఇంకొందరు పోరు. ఆ చెకప్‌ల చూసేది బరువొక్కటే గాదు, రక్తం, ఐరన్, బీ12, విటమిన్ డి, కాల్షియం, షుగర్. విటమిన్ గోళీలు జీవితాంతం నడుస్తయి, బైపాస్ అయినోళ్లు బంజేస్తే ఏండ్ల తర్వాత కాళ్లు చేతులు తిమ్మిర్లు, రక్తహీనత పట్టుకుంటయి. తెలంగాణల అయితే సర్కారు దవాఖాన కెళ్లి టీ డయాగ్నస్టిక్స్‌కు రక్తం పంపి కొన్ని పరీక్షలు ఉచితంగ చేయించుకోవచ్చు. పోయేముందు బీ12, విటమిన్ డి ఆడ చేస్తరా చెయ్యరా అని అడుగుండ్రి, చెయ్యకపోతే గా రెండే బయట చేయించుకోని, రిపోర్టులన్ని ఒక్క కవర్ల వెట్టి ఎంబడి తీస్కపోండ్రి.