నడిమి గట్టు

గవర్నర్‌పేటలోని మా ఇల్లు పాతది. వంటగది వెడల్పు 11 అడుగులు, పొడవు 13. కుమారుని నికాహ్ అనంతరం దానిని మార్చవలసిన అవసరం ఏర్పడింది. గది నడుమ, నాలుగు వైపులా తిరగడానికి వీలుండే గట్టు కావాలని కోడలు కోరింది. దీనిని ఐలాండ్ అంటున్నారు. మా శ్రీమతి మౌనం వహించింది. ముప్పై ఏళ్ళుగా కత్తిపీట వేసుకుని ఆమె కూరలు తరిగిన చోటు సరిగ్గా అదే. మోకాళ్ళ నొప్పుల వల్ల ఇటీవల నేల మీద కూర్చోవడం మానుకుంది గాని, చోటు మాత్రం ఆమెదే.

మదర్సాలో వారసత్వ భాగాల లెక్కలు బోధించేవారం కనుక కొలతలు మేమే చేపట్టాము. ఇల్లు మార్చదలచిన పాఠకులకు ఉపకరిస్తాయని ఆ వివరాలు వ్రాస్తున్నాము.

గోడవార గట్టు 2 అడుగులు. గట్టుకూ గట్టుకూ మధ్య ఒకరే వండుకుంటే మూడున్నర అడుగులు, ఇద్దరు మసలాలంటే 4 అడుగులు ఉండాలని వంటగదుల రూపకర్తలు చెబుతారు. మిగిలిన అయిదింటిలో నడిమి గట్టుకు 2, అవతలి నడకకు 3. కాగితం మీద సరిపోయింది.

కాగితాన్ని నమ్మక నేల మీద సుద్దతో గీసి, ఖాళీ అట్టపెట్టెలు పేర్చి, మూడు రోజులు అలాగే వండమన్నాము. మొదటి రోజే ఫ్రిజ్ తలుపు తెరిస్తే అవతలి దారి మూసుకుపోయింది. దానిని మరో మూలకు జరిపాము. రెండవ రోజు బంధువులు వచ్చారు. బిర్యానీ డేగిసాతో ఇద్దరు మలుపు తిరగలేకపోయారు. 6 అడుగుల పొడవు నాలుగున్నరకు తగ్గింది.

పొయ్యి కూడా నడిమి గట్టు మీదే ఉండాలని కోడలి కోరిక. మేస్త్రీ సరేనన్నాడు, మేము ఒప్పుకోలేదు. గ్యాస్ గొట్టాన్ని నేల కింద నుండి తేవాలి. వంటగ్యాస్ గాలి కంటే బరువైనది. కారితే నేల మీదే పేరుకుంటుంది. టైల్స్ కింద పూడ్చిన గొట్టాన్ని ఎవరు చూస్తారు? పైగా బెజవాడ ఎండలలో నెత్తిన ఫ్యాను లేనిదే నిలవలేము, ఫ్యాను కింద మంట నిలవదు. సింకు కూడా వద్దన్నాము. మురుగు గొట్టానికి వాలు కోసం నేల ఎత్తు పెంచితే గడప వద్ద కాలు తట్టుకుంటుంది.

పైకి చీమకుర్తి నల్ల గ్రానైట్, 20 మిల్లీమీటర్ల మందం. చదరపు అడుగు 5 కిలోలకు పైగానే తూగుతుంది. కింది అరలకు ఐఎస్ 710 ముద్ర గల ప్లైవుడ్ అడిగి తీసుకోవాలి. అది నీటిని తట్టుకుంటుంది.

మూడవ రోజు కోడలు అడిగింది: "అబ్బా, ఇందులో అమ్మీ ఎక్కడ కూర్చుంటారు?"

మా లెక్కలలో ఆ కొలత లేదు. వాటాలు పంచడం నేర్పే మేము ఒక హక్కుదారును మరచిపోయాము. 1926లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ కార్మికుల ఇళ్ళకు వంటగది రూపొందించిన మార్గరెటె షూట్టె-లిహొట్స్కీ అనే మహిళా వాస్తుశిల్పి అడుగడుగూ లెక్కించిన ఆ ఇరుకు గదిలో సైతం కూర్చుని పనిచేయడానికి ఒక స్టూలు ఉంచింది.

మళ్ళీ గీశాము. గట్టు ఎత్తు 34 అంగుళాలు. చివరి 2 అడుగులు మాత్రం 28 అంగుళాలకు దించి, కింద అరలు లేకుండా ఖాళీగా వదిలాము. కుర్చీ జరుపుకుని కాళ్ళు లోపలకు చాపుకోవచ్చు.

రాయి ఇంకా రాలేదు. అట్టపెట్టెల చివర ఆ ఎత్తున ఒక చెక్కపలక ఆనించాము. మా శ్రీమతి కుర్చీ తెచ్చుకుని దాని ముందు ఉల్లిపాయలు తరుగుతున్నది. కత్తిపీటను మాత్రం అటకెక్కించనివ్వలేదు.